సిస్టరమ్మ గది కోసం గోదావరిఖనికి

కాజీపేటలో ఉదయం ఆరున్నరకు బయలుదేరాల్సిన ప్యాసింజరు ఆ రోజు నిజంగానే ఆరున్నరకు బయలుదేరింది. సగం పని అప్పుడే అయిపోయినట్టు మురిసిపోయాను. ఫిబ్రవరి నెల. తెలంగాణ రాష్ట్రం ఇంకా రాలేదు కానీ, వస్తుందా రాదా అన్న వాదన మాత్రం ప్రతి పెట్టెలోనూ టికెట్టు లేకుండా ప్రయాణం చేస్తోంది. నా సంచిలో నీళ్ల సీసా, అమ్మ ఫోటో, నేను రాసిన అభ్యంతరపత్రం నకలు ఉన్నాయి.

ఆ పత్రం సంగతి ముందే చెప్పాలి. గోదావరిఖనిలో మేము పెరిగిన కార్మికుల కాలనీలో ఒక చిన్న దవాఖాన ఉంది. మా అమ్మ అక్కడ ఇరవై ఆరేళ్లు నర్సుగా పనిచేసింది, కాలనీకంతా సిస్టరమ్మ. కిందటి వానాకాలం వాగు పొంగి అందులో నడుములోతు నీళ్లు నిలిచాయి. కొత్తది కట్టడానికి వరద సాయం కింద నిధులొచ్చాయి, ఒక షరతుతో. పాత కట్టడాన్ని కూల్చేముందు దాని చరిత్ర రాయించాలి, అభ్యంతరాలుంటే వినాలి. పేపర్లో ఆ ప్రకటన చూసి, హన్మకొండలో ఫ్యాను కింద కూర్చుని, ఒక్క ఇటుక కూడా తీయడానికి వీల్లేదని రెండు పేజీలు రాసి పంపాను. ముప్పై ఏళ్లు పిల్లల వ్యాసాలు దిద్దినదాన్ని కదా, బాగానే రాశాను. రెండు నెలలకు విచారణకు రమ్మని పిలుపు వచ్చింది.

జమ్మికుంటలో ఒకామె గంపెడు రేగుపండ్లతో ఎక్కింది. ఒక పొట్లం కొని ఎదుటి సీటాయన ముందు పెట్టాను. సెకండ్ షిఫ్టు డ్యూటీకి పోతున్న గని కార్మికుడాయన.

“ఎవలింటికి వోతున్నవక్కా?” అన్నాడు.

“ఇంటికి కాదు తమ్మీ, దవాఖానకు.”

“ఏంది, పానం మంచిగ లేదా?”

“నాకు మంచిగనే ఉంది, దవాఖానకే మంచిగ లేదు” అన్నాను. ముప్పై ఏళ్లు తరగతి గదిలో దాచిపెట్టిన యాస ఎంత సులువుగా బయటికొచ్చిందో! నాకే నవ్వొచ్చింది.

పెద్దపల్లి బయట మా బండిని ఆపేసి బొగ్గు బండికి దారిచ్చారు. చిన్నప్పుడు ఆ పెట్టెలు లెక్కపెట్టడం నాకూ మా తమ్ముడికీ పందెం. ఆ రోజూ లెక్క మొదలుపెట్టాను, నలభై దగ్గర తప్పిపోయాను. తొమ్మిదిన్నరకు రామగుండం చేరాం. స్టేషను బయట బండి మీద ఇడ్లీ బాగుంటుంది, చట్నీ ఘాటు. అక్కడినుంచి గోదావరిఖని చౌరస్తాకు బస్సులో వెళ్లడం మేలు. చౌరస్తా నుంచి కాలనీకి మాత్రం షేర్ ఆటో తప్పదు. డ్రైవరు పక్కన సీటిస్తే ఒప్పుకోకండి, సగం మనిషి బయటే వేలాడాలి.

నాకు వెనక సీటే దొరికింది. పక్కన నిండు గర్భిణి, టౌను దవాఖానలో చూపించుకుని కాలనీకి తిరిగొస్తోంది, చేతిలో చిట్టీ. పేరు స్వరూప. ఎనిమిదో నెలట. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పొట్ట పట్టుకుంటోంది.

“నెలనెలా గింత దూరం వచ్చుడు నాతోని అయితలేదక్కా. మా కాలనీల దవాఖాన కడ్తమన్నరు, ఆపిన్రు” అంది.

“ఎందుకు ఆపారు?” అన్నాను, ఏమీ తెలియనట్టు.

“ఎవలో ఊర్లె లేని మనిషి దరఖాస్తు వెట్టిందట, కూలగొట్టద్దని. ఆమెకేం ఫికర్? గీ ఆటోల ఆమె తిరుగుతాందా?”

సంచిలోని నా పత్రం నకలును నీళ్ల సీసా కిందికి తోశాను. కాలనీ వచ్చేదాకా బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆటో ఒక్క గుంతనూ వదల్లేదు.

పదకొండున్నరకు, బాబాయి వరసయ్యే రాజయ్య కాక ఇంటికి చేరాను. నాన్నా కాకా ఒకే గనిలో టింబర్‌మెన్లు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం వాళ్ల పని. నాన్న పోయాడు, కాక డెబ్భై దాటి చేతికర్రతో తిరుగుతున్నాడు. అన్నం, పచ్చిపులుసు, వేడివేడి సర్వపిండి పెట్టారు. రెండింటికి ఇద్దరం దవాఖానకు నడిచాం.

ఎదురుగా ఆగి చూశాను. రాతి స్తంభాల వరండా, ఇటు మందుల గది, అటు కాన్పుల గది. గోడల మీద వరద నీటి మరక నా నడుము దాకా ఉంది. బడి వదిలాక ఆ వరండాలోనే నా హోంవర్కు. లోపలినుంచి నొప్పుల అరుపులు వినిపించేవి, తర్వాత పసిబిడ్డ ఏడుపు, ఆ తర్వాత అమ్మ బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ “ఎక్కాలు అయినాయా?” అనేది. కాన్పుకు ముందు అమ్మ కళ్లు మూసుకుని ప్రభువును ప్రార్థించేది. వచ్చినామె మైసమ్మకు మొక్కుకునేది. ఆ గదిలో ఇద్దరికీ చోటుండేది. అలాంటి గది ఎలా కూలగొట్టనిస్తాను?

విచారణ ముందున్న వేపచెట్ల కిందే జరిగింది. యాభై మంది దాకా వచ్చారు, వెనక వరసలో స్వరూప కూడా ఉంది. ఇంజనీరు కుర్రవాడే కానీ ఓపిక ఉన్నవాడు. షరతులన్నీ చదివి వినిపించాడు. వేపచెట్లు కొట్టకూడదు. కొత్త గచ్చు వరద మరక కంటే ఎత్తుండాలి. పగిలిన సిమెంటు రేకుల పొడి ఊపిరితిత్తులకు చేటు కాబట్టి తడిపి, సంచుల్లో కట్టి, చెప్పిన చోటికే తరలించాలి, వాగులో పడేయకూడదు.

“ముప్పై ఏండ్లు బొగ్గు దుమ్ము మింగినం, గప్పుడు మా ముక్కులకు ఎవలన్న ఫికర్ చేసిన్రా సారూ?” అన్నాడు కాక. అందరూ నవ్వారు, ఇంజనీరు కూడా.

తర్వాత నా పేరు పిలిచాడు. ఇటుక గోడల్లో మట్టి నానిపోయిందని, పరీక్ష చేసిన యంత్రం అదే చెప్పిందని కాగితం చూపించాడు.

“యంత్రం మాట నేను నమ్మను. ఈ గోడల మధ్య మా అమ్మ సగం కాలనీని ఈ లోకంలోకి తెచ్చింది” అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది.

కాక లేచి ఎవరినో ఒక సుత్తె అడిగాడు. “నా చెవిని నమ్ముతవా బిడ్డా?”

గనిలో దిగినవాళ్లు ముందు పైకప్పును కొట్టి చూస్తారు. ఖంగుమంటే కింద నిలబడొచ్చు. డొల్లగా మోగితే వెనక్కి తిరగాలి. నాన్నా కాకా ఆ చప్పుడును నమ్ముకునే ఉద్యోగకాలమంతా ప్రాణాలతో ఇంటికొచ్చారు. ఆ చెవిని కాదనడం నావల్ల కాదు.

కాక వరండా రాళ్లను కొట్టాడు. ఖంగుమన్నాయి. స్తంభాలూ అంతే. నేనూ కాకా కాన్పుల గది బయటే నిలబడ్డాం, నన్ను లోపలికి అడుగు పెట్టనివ్వలేదు. బయటినుంచే కిటికీ పక్కన కొట్టాడు, డొల్ల. మూలన కొట్టాడు, అదీ డొల్లే.

“ఇంకోసారి కొట్టు కాకా.”

“ఎన్నిమాట్ల కొట్టినా గదే. గిది గనిలుంటే మీ నాయిన నన్ను రెక్కవట్టి అవతలికి గుంజెటోడు. మా పెద్దోడు గీ గదిలనే పుట్టిండు బిడ్డా, నాకు మాత్రం బాధ కాదా?”

అందరి ముందూ ఏడ్చేశాను. సిగ్గనిపించలేదు. కళ్లు తుడుచుకుని నా పత్రంలో ‘ఒక్క ఇటుక కూడా’ అన్న వాక్యం కొట్టేశాను. రాతి వరండా ఉంచి కొత్త కట్టడాన్ని దానికి కలపాలని, కాన్పుల గదిని కొలిచి, ఫోటోలు తీసి, ఆ తర్వాత కూల్చవచ్చని రాసి సంతకం చేశాను. వచ్చే నెల పని మొదలవుతుందని, ఏడాదిలో పూర్తవుతుందని ఇంజనీరు చెప్పాడు. దవాఖాన చరిత్ర రాసుకునే పుస్తకం తెరిచి, ఆ గది గురించి చెప్పమన్నాడు. అమ్మ ఫోటో ఇచ్చి గంటసేపు చెప్పాను. నేను ఆపిన చోటల్లా వెనకనుంచి ఆడవాళ్లు అందుకున్నారు.

వెళ్లేటప్పుడు స్వరూప దగ్గరికొచ్చింది. “గా దరఖాస్తు మీదేనా అక్కా? ఆటోలనే జెప్తే గన్ని మాటలు అనకపోదును.”

“అనవలసినవే అన్నావు” అన్నాను.

“మా ఆయన సుత గిదే గదిల పుట్టిండట, మా అత్త జెప్పింది” అని నవ్వింది. కోపం లేని నవ్వే, కానీ తల దించుకున్నాను.

ఆరింటికి రామగుండంలో తిరుగు బండి ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది, పొద్దు గుంకుతుంటే ఊరు వెనక్కి పోయింది. గోదావరిఖనికి వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. అక్కడి మనుషులు గుర్తుపడతారు, అన్నం పెడతారు, తప్పు చేస్తే మొహం మీదే చెబుతారు. అమ్మ గదిని కాపాడాలని వెళ్లాను. నీళ్లు నిండిన ఆ గోడల మధ్యకు అమ్మ అయితే ఏ గర్భిణినీ రానిచ్చేది కాదు, నా రెండు పేజీలూ ఆ రోజే చింపేసేది. పత్రం రాసేటప్పుడు అమ్మ గురించి అంత తలుచుకున్నాను కానీ, ఇది తట్టలేదు. నేను ఆపిన పని పూర్తవడానికి ఇంకా ఏడాది, తొమ్మిదో నెలలో కూడా స్వరూప ఆ ఆటోలోనే వెళ్లాలి.