పార్కు గేటు ఎదురుగా ఉన్న గది

పిల్లల్ని హైదరాబాదులో ఆటల పార్కుకి తీసుకెళ్దామని వారంగా హోటళ్లు వెతుకుతున్నాను. చిన్నదానికి నాలుగేళ్లు, మధ్యాహ్నం పడుకోకపోతే ఏడుపే. ఈ ఉదయం పార్కు గేటుకి ఎదురుగానే గది దొరికింది. బుక్ చేసి, సంబరంగా అత్తయ్యగారికి చెప్పాను.

"హోటలేంటమ్మా! మా చెల్లి ఆ ఊళ్లో ఉండగా హోటల్లో దిగితే, దానికి నా మొహం ఎలా చూపించను?"

"పిన్నిగారిల్లు పార్కుకి రెండు గంటల దూరమండీ."

"మంచిదే కదా, పిల్ల కారులో పడుకుంటుంది!"

సాయంత్రం పిన్నిగారే ఫోన్ చేసేశారు. మా కోసం గది సర్దించారట, పిల్లలకి కొత్త దుప్పట్లు కొన్నారట. "ఆయ్, అలాగేనండీ" అనేశాను.

హోటల్ గది ఇంకా రద్దు చేయలేదు. చుట్టాలున్న ఊళ్లో హోటల్లో దిగి, తర్వాత వాళ్లింటి పెళ్లికి ధైర్యంగా వెళ్లినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?