కజిన్ అంటే ఏ వరస

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మా వదిన ఎడమకాలు స్టూలు మీద పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. టైము ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. ఇంటికొచ్చి కట్టు కట్టే నర్సు నాకొక కాగితం ఇచ్చి, ఆంటీ ఎప్పుడు కూర్చుందో ఎప్పుడు లేచిందో రాసి పెట్టమంది. అంతకుముందు నాలుగు రోజుల్లో ఆ కాగితం నిండా లేవడాలే. ఆ రోజు మాత్రం రెండూ పదికి కూర్చున్న మనిషి ఐదు దాకా లేవలేదు.

ముందు కాలి సంగతి చెప్పాలి. వదినకు షుగర్. ఫీజీలో, నసీనులో, మా ఇంటి వెనక బెండ, వంగ, కర్రపెండలం వేసి, వాటి మధ్య చెప్పుల్లేకుండా తిరిగేది. నిమ్మముల్లు ఒకటి అరికాల్లో విరిగింది. ఆ పాదంలో స్పర్శ ఎప్పుడో పోయింది కాబట్టి ఆమెకు నొప్పి తెలియలేదు. తెలిసిన తర్వాత కూడా గుడ్డ కట్టుకుని తిరిగింది. మూడు వారాలకు చాప మీద మరక చూసి నేను పట్టుకున్నాను. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వడగలేదుగా" అంది. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బల్ల మీద తింటూ నేను అడగలేదన్నది నిజమే.

ఆరు వారాలు ఆ కాలు నేలకు మోపకూడదని డాక్టరు చెప్పాడు. మోపితే పుండు ఎముక దాకా పోతుంది, అప్పుడు సగం పాదం తీసేయాలి. మా వీధిలో అలా కాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకు వదిన కూర పట్టుకెళ్ళేది. అందుకని డాక్టరు మాటకు ఆమె ఎదురు చెప్పలేదు. తల ఊపి, ఇంటికొచ్చి, అన్నం వండటానికి నిలబడింది.

ఆమెకు కూర్చోవడం రాదు. సబేటోలో చెరకు పండించే ఇంట్లో పుట్టింది. ఫీజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే బడి మానేసింది. బళ్ళో పంచిన కాగితం జెండాతో ఇంటికొచ్చి, మర్నాడు తల్లి వెంట పొలానికి వెళ్ళిందట. అప్పటినుంచి కూర్చోవడమంటే ఆమెకు తినేటప్పుడు చేసే పని. ఆదివారం సాయంత్రం టీవీలో ఒక హత్యల సీరియల్ వచ్చేది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు, అందులో వారానికొకరు చావడం, రిటైరైన పోలీసు ఒకడు గొడుగు పట్టుకుని తిరిగి హంతకుణ్ణి పట్టుకోవడం. అదంటే ఆమెకు ప్రాణం. దాన్ని కూడా వంటింటి గుమ్మంలో నిలబడే చూసేది.

మా అన్నయ్య పోయి అప్పటికి రెండేళ్ళు. ఇంట్లో మేమిద్దరమే. నేను స్కూలు లైబ్రరీలో పనిచేసేదాన్ని. మిగిలిన సెలవులన్నీ ఒకచోట చేర్చి పెట్టేశాను. సువాలో ఒక దుకాణంలో ఆ సీరియల్ బొమ్మ ఉన్న డిస్కు కనిపిస్తే పాత భాగాలనుకుని కొన్నాను. అవి చూస్తూ కూర్చుంటుందని ఆశ. ఇంటికొచ్చి పెట్టి చూస్తే అది సీరియల్ కాదు, సీరియల్ మీద చేసిన కంప్యూటర్ ఆట.

"ఆటా? ఎవరాడాలి?" అంది వదిన.

ఆమె ఆడింది. సీరియల్లో అయితే మనం బఠానీలు వలుచుకుంటూ ఉన్నా ఆ గొడుగాయన తన పని తాను చేసుకుపోతాడు. ఆటలో ఆయన ఉండడు. మనమే ఆయన. మౌసుతో ఒక గదిలోకి వెళ్ళాలి, అక్కడున్న మనిషిని నొక్కాలి, నాలుగు ప్రశ్నలు కనిపిస్తే అందులో ఒకటి ఎంచుకోవాలి. అడగకపోతే ఎవరూ ఏమీ చెప్పరు. గంటసేపు ఊరికే ఉన్నా తెర మీది వంటవాడు అలాగే గరిటె పట్టుకుని నిలబడి ఉంటాడు. ఇది వదినకు చాలా నచ్చింది.

ప్రశ్నలూ జవాబులూ ఇంగ్లీషులో ఉండేవి. నేను పక్కన కూర్చుని ఫీజీ హిందీలో చెప్పేదాన్ని. మా ఇంట్లో మాట్లాడుకునేది అదే. తెలుగు నేను చదివి నేర్చుకున్నాను, మా నాన్న పుస్తకాల్లోంచీ, ఆదివారం క్లాసుల్లోంచీ. వదిన వాళ్ళ ఆజీ, అంటే నాయనమ్మ, నోట విని నేర్చుకుంది. నేను తెలుగు మాట్లాడితే గుడి కరపత్రం చదువుతున్నట్టుందని నవ్వేది. ఇద్దరి మధ్యా తడబాటు లేకుండా మిగిలిన తెలుగు వరసలే. అత్త, మామ, బావ, వదిన. వాటిని హిందీలో అనాలని మాకెప్పుడూ తోచలేదు.

ఆటలో చనిపోయినవాడు ఒక హోటలు యజమాని. మెట్ల కింద పడి ఉన్నాడు. అనుమానితులు నలుగురు. వంటవాడు, ఊరి డాక్టరు, పై గదిలో అద్దెకున్న ఒకాయన, హోటలు రిజిస్టరు రాసే ఒకావిడ. ఈ ఆవిడ చనిపోయినవాడికి కజిన్. నేను బహినీ అన్నాను. ఇక్కడ అందరూ అలాగే అంటారు. పిన్ని కూతురైనా అత్త కూతురైనా ఇంగ్లీషులో కజిన్, హిందీలో బహినీ. చెల్లెలు కదా, వదిలెయ్ అని వదిన ఆవిణ్ణి పక్కన పెట్టింది. డ్రాయరులో దొరికిన ఉత్తరంలో "ఇచ్చిన మాట తప్పను" అని అతను ఆవిడకు రాసి ఉంది. చెల్లెలికి ఆస్తిలో వాటా ఇస్తానన్నాడు పాపం, మంచివాడు అని వదిన జాలిపడింది.

రెండు వారాలు అలా గడిచాయి. ఆ ఊరివాళ్ళ మీద వదినకు చాలా ఫిర్యాదులుండేవి. పోలీసు వచ్చి కూర్చుంటే ఒక్కరూ టీ తాగుతావా అనరు. అన్నం వేళకు వెళ్ళినా ప్రశ్నలే. నర్సు కూడా కట్టు విప్పుతూ, ఈ రోజు ఎవరు దొరికారు ఆంటీ అని అడిగేది. ఆమె తవువా దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఫీజియన్ మూలవాసి అమ్మాయి. నాన్న వటుకౌలా బంగారు గనిలో పనిచేసేవాడట. హిందీ నాకంటే బాగా మాట్లాడేది. ఆమె అనుమానం వంటవాడి మీద. ఇంత తెల్లని ఏప్రను ఉన్నవాడు వంట చేసి ఉండడు అనేది.

మూడుసార్లు నేరం మోపే అవకాశం ఉంటుంది. వదిన మొదట వంటవాణ్ణి అంది. కాదు. తర్వాత డాక్టరును. కాదు. మూడోసారి, రెండు రోజులు ఆలోచించి, పై గది ఆయన్ని. అదీ కాదని తెర నల్లబడి, ఆట మొదటి రోజుకు వెళ్ళిపోయింది. రెండు వారాల పని పోయింది.

వదిన లేచి, రెండు కాళ్ళ మీదా నడిచి వంటింట్లోకి వెళ్ళి, రొట్టెల పిండి కలపడం మొదలుపెట్టింది. నేను వెనకాలే వెళ్ళి బతిమాలాను. నా వైపు చూడకుండా పన్నెండు రొట్టెలు చేసింది. కూర్చున్నాక చూస్తే కట్టు ఎర్రబడి ఉంది.

మర్నాడు నర్సు కట్టు విప్పి పాదాన్ని వెలుతురుకు తిప్పి చూసింది. తర్వాత డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన ఎముక ఫోటో తీయించాడు. ఎముకకు ఇంకా తగల్లేదు, ఆరు వారాలు మళ్ళీ మొదటినుంచి లెక్క, ఈసారి మోపితే ఇంక మాటల్లేవు అన్నాడు. బస్సులో వద్దని టాక్సీలో వచ్చాం. దారంతా నేను బయటకే చూస్తూ కూర్చున్నాను. వదిన అంది, "ఆటా మొదటికొచ్చింది, కాలూ మొదటికొచ్చింది."

మర్నాడు పొద్దున ఆమె నిద్రలేవకముందే నేనొక్కదాన్నే కూర్చుని ఆ ఉత్తరం ఇంగ్లీషులో మళ్ళీ చదివాను. మొత్తం నాలుగు వాక్యాలు. చెల్లెలికి రాసే ఉత్తరం కాదది. మాట ఇచ్చింది వాటా గురించి కాదు, పెళ్ళి గురించి. నేను ఇన్నేళ్ళు పుస్తకాల మధ్య పనిచేశాను. ఒక మాట విన్నాక అది ఏ వరసో అడగాలని నాకు తట్టలేదు.

నర్సు వచ్చిన తర్వాత ఇద్దరికీ కలిపి చెప్పాను. కజిన్ అంటే చెల్లెలని నేను తప్పు చెప్పాను, ఆ మాటకు చాలా అర్థాలున్నాయి అన్నాను.

ఇద్దరూ ఒక్కసారే, "ఎటువైపు?" అన్నారు.

ఆటలో అది చెప్పలేదన్నాను.

"మరి అడుగు" అంది వదిన.

"అలాంటి ప్రశ్న ఇందులో లేదు వదినా."

"ఇంత ఊరు కట్టారు, ఆ ఒక్క ప్రశ్న పెట్టలేదా?"

నర్సు కత్తెర పక్కన పెట్టి, తమకు మేనత్త, మేనమామ పిల్లలు తవలే అవుతారనీ, వాళ్ళతో ఎంత వేళాకోళమైనా ఆడొచ్చనీ, సొంత చెల్లెలితో అలా కుదరదనీ చెప్పింది. ఈవిడ తవలే అయితే ఇంకేం మిగిలింది అని కూడా అంది. వంటవాణ్ణి ఆమె అప్పుడే వదిలేసింది.

వదిన నా వైపు తిరిగింది. ఆమె మా మేనమామ కూతురు. మా అన్నయ్యను చేసుకోకముందు కూడా, నాకంటే పెద్దది కాబట్టి, నాకు వదినే. పెళ్ళితో నేను పిలిచే పిలుపు మారలేదు.

"పుట్టినప్పట్నుంచీ నన్ను వదినా అంటున్నావు. మీ అన్న బహినీని చేసుకున్నాడని ఈ వీధంతా నవ్వితే విన్నావు. నీకు తెలియదా, ఏమే?"

తెలుసు అన్నాను. తెలిసినా తోచలేదు అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వుకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. నా తప్పు వల్ల పాదం పోయేంత పనయింది. ఆమె దాన్ని వేళాకోళంగా తీసుకుని, తర్వాత నన్ను ఎప్పుడూ తప్పు పట్టలేదు.

ఆ మధ్యాహ్నం మళ్ళీ ఆట మొదలుపెట్టాం. ఇప్పుడు హంతకురాలెవరో తెలుసు. ఆవిడ పేరు నొక్కితే అయిపోతుంది. వదిన నొక్కలేదు. వంటవాడి దగ్గరకు వెళ్ళి మొదటి ప్రశ్న నుంచి అడగడం మొదలుపెట్టింది. మర్నాడు డాక్టరు. ఆ మర్నాడు పై గది ఆయన. పదో రోజు కూడా రిజిస్టరు రాసే ఆవిడ జోలికి వెళ్ళకపోతే, పట్టుకోవేం అని అడిగాను.

"పట్టుకుంటే ఆట అయిపోతుంది. అయిపోతే నేను లేస్తాను. నన్ను నేనెరగనా?"

అలా ఆరు వారాలు ఆ హంతకురాలిని వదిలిపెట్టి ఉంచింది. రోజూ మధ్యాహ్నం కాలు పైన పెట్టుకుని, అడిగినవే అడిగి, విన్నవే విని, సాయంత్రం కాగానే ఆపించేది. నా సెలవులు అయిపోయాక హెడ్‌మిస్ట్రెస్ నన్ను మధ్యాహ్నాలు ఇంటికి పంపింది. నేను లేని పొద్దుటిపూట పక్కింటావిడ వచ్చి పొయ్యి చూసుకునేది. నర్సు తన రౌండులో మా ఇల్లు చివరికి మార్చుకుని మరో పది నిమిషాలు ఉండేది. వాళ్ళందరి పేర్లూ నాకు గుర్తున్నాయి. ఎవరికీ సరిగ్గా థాంక్స్ చెప్పలేదు.

ఆరు వారాల తర్వాత డాక్టరు పుండు మూసుకుందన్నాడు. చిన్న గుంట మాత్రం మిగిలింది. ఇంటికొచ్చి, చెప్పులు వేసుకుని, వదిన నిలబడే మౌసు పట్టుకుని ఆవిడ పేరు నొక్కింది. సరైనదే. ఏదో సంగీతం వచ్చింది, పేర్లు కిందినుంచి పైకి వెళ్ళాయి.

"ఇంతేనా" అని వంటింట్లోకి వెళ్ళింది.

ఆ పాదంలో స్పర్శ మళ్ళీ రాదు. అందుకని రోజూ ఎవరైనా రెండు అరికాళ్ళూ వెలుతురులో చూడాలని, ముల్లూ గీతా ఉంటే ఆ రోజే తెలియాలని నర్సు చెప్పి వెళ్ళింది. మొదటి సాయంత్రం వదిన ఒప్పుకోలేదు. ఆడపడుచు ఒళ్ళో కాళ్ళు పెడతానా, మీ అమ్మ ఉంటే ఏమనేది అంది. కాసేపు ఆలోచించి దారి తనే కనిపెట్టింది. పెళ్ళికి ముందు వదినగా అయితే పెట్టొచ్చు, అప్పుడు నువ్వు నాకు ఆడపడుచువు కాదు, అత్త కూతురివి అని, కాళ్ళు చాపింది.

అప్పటినుంచి రోజూ అడిగేదాన్ని. పొద్దున ఎక్కడ తిరిగావు, చెప్పులున్నాయా, తోటలోకి ఎందుకెళ్ళావు. లాయరు వస్తేగాని చెప్పననేది. చెప్పులు వేసుకున్నానని అబద్ధమాడితే మడమ మీది మట్టి చూపించేదాన్ని. ఆ మట్టి కజిన్ అయి ఉంటుంది అనేది. తొమ్మిదేళ్ళలో ఒకసారి గాజుపెంకు, రెండుసార్లు ముళ్ళు దొరికాయి. అన్నీ ఆ పూటే దొరికాయి.

పోయిన ఏడాది వదిన గుండె ఆగి పోయింది. రెండు పూటలే ఆసుపత్రిలో ఉంది. చివరిసారి ఒళ్ళు కడిగేటప్పుడు, మిగతా ఆడవాళ్ళు పక్కకు జరిగి నన్ను పాదాల దగ్గర ఉండనిచ్చారు. రెండూ చూశాను. ఎక్కడా గీత కూడా లేదు. తొమ్మిదేళ్ళు ఆ పాదాల మీద ఆమె తోటకు వెళ్ళింది, మార్కెట్‌కు వెళ్ళింది, వీధిలో కాలు లేనివాళ్ళకు కూర పట్టుకెళ్ళింది. అంతకంటే ఎక్కువ నేను అడగలేదు.

ఈ ఇంట్లో ఇప్పుడు సాయంత్రంపూట ఎవరూ ఎవరి పాదాలూ చూడటం లేదు.