కుడిచేతి గడియారం

మే నెల, రెండో ఆదివారం. హాజరు: నేను, మా తమ్ముడు, మా మరదలు, మైలవరం వైపు నుంచి వచ్చిన మామిడి వ్యాపారి. వాతావరణం: గాలి లేదు. వాయవ్యాన మబ్బు.

ఖజానా ఆఫీసులో చేరిన నాటి నుంచి నా డైరీ ఇలాగే మొదలవుతుంది. రిటైరయ్యాక కూడా మార్చలేదు. మబ్బు సంగతి రాసింది పొద్దున కాఫీ తాగుతూ. అప్పటికది చిన్నదే, అరచేత్తో మూస్తే కనిపించకుండా పోయేంత.

తోట తమ్ముడిది. నేను నూజివీడులో ఉంటాను, బేరాల రోజున వెళ్ళి కూర్చుంటాను. ఆ ఏడు కాపు బాగా నిలిచింది. బంగినపల్లి కొమ్మలు కాయల బరువుకు నేలను తాకుతున్నాయి. ఏప్రిల్‌లో ఇద్దరు వ్యాపారులు తోట మొత్తం గుత్తకు అడిగారు. ఇంకా రేటు వస్తుందని తమ్ముడు ఇవ్వలేదు. చుట్టూ అందరూ అమ్మేసుకున్నారు. గుత్తకు ఇచ్చేస్తే ఆ క్షణం నుంచి గాలివాన వ్యాపారి నెత్తిన ఉంటుంది. ఇవ్వకపోతే మన నెత్తిన. ఏడాది తిండి చెట్ల మీద వేలాడుతుంటే మా మరదలికి నిద్ర పట్టడం లేదు.

"బావగారూ, ఇవాళ ఎంతో కొంతకి ఇప్పించెయ్యండి. మీరు చెబితే వింటారు," అంది నేను ఆటో దిగగానే.

తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికొచ్చాడు. కుడిచేతికి పెద్ద విదేశీ వాచీ. రోజూ ఎడమచేతికి పెట్టుకుంటాడు, బేరం రోజున మాత్రం కుడిచేతికి మారుస్తాడు. మా వైపు పాత వ్యాపారులు ఇప్పటికీ తువ్వాలు కింద చేతులు కలిపి, వేలికింత లెక్కన వేళ్ళు పట్టి రేటు చెబుతారు. పక్క తోటలవాళ్ళకు తెలియకుండా ఉండడానికి. బేరమాడే చేతికే వాచీ ఉంటే అవతలివాడు తక్కువకు అడగడానికి జంకుతాడని వీడి నమ్మకం.

ఆ వాచీ నకలు. రెండేళ్ళ కిందట హైదరాబాద్‌లో కొన్నాడు. అసలుదాని ఖరీదుకు ట్రాక్టరు వస్తుందట. దీనికైతే ఒక మంచి చెప్పుల జత వచ్చేది.

వ్యాపారి కోసం చూస్తూ నవారు మంచం మీద కూర్చున్నాం. "అన్నయ్యా, తోట అమ్ముడుపోతే అసలుది కొందామనుకుంటున్నా. నువ్వు లెక్కగా ఆలోచిస్తావు కదా. కొననా, ఇది చాలా?" అన్నాడు.

నాకు తోచింది చెప్పాను. అసలుది పిల్లల తరానికి కూడా నిలుస్తుంది, అవసరమైతే అమ్ముకోవచ్చు. కానీ రిపేరుకు పట్నం పంపాలి, బయటికెళితే చెయ్యి జేబులోంచి తియ్యకూడదు. నకలుది పోయినా బెంగ లేదు. కానీ పక్కవాడు కాస్త తేరిపార చూస్తే చెయ్యి వెనక్కి లాక్కోవాలి. అసలుదానికి దొంగల భయం, నకలుకు తెలిసినవాళ్ళ భయం.

"ఏదైతే ఏంటండీ, ఈయన భోజనానికొచ్చేది మూడింటికేగా," అంది మరదలు మజ్జిగ గ్లాసులు పెడుతూ. తమ్ముడు నవ్వాడు. ఆ రోజు మేము నవ్వింది ఆ ఒక్కసారే.

వ్యాపారి వచ్చేసరికి మబ్బు కొండల మీదికి ఎక్కింది. ఆయన బక్కపలచటి మనిషి. చేతికి ఏమీ లేదు, భుజాన తువ్వాలుంది. తోటంతా తిరిగి కాయలు నొక్కి చూసి, వచ్చి తమ్ముడి ఎదురుగా కూర్చుని చేతుల మీద తువ్వాలు కప్పాడు.

నాకు గుడ్డ కదలడమే కనిపిస్తోంది. మొదట తమ్ముడి ముఖం విప్పారింది. మరదలు తలుపు దగ్గర నిలబడింది. తువ్వాలు కదలిక మెల్లగా పైకి పాకి మణికట్టు దగ్గర ఆగింది. అక్కడ చాలాసేపు ఉండిపోయింది. వ్యాపారి వీడి వైపు కాక ఆకాశం వైపు చూస్తున్నాడు. మళ్ళీ వేళ్ళ దగ్గరికి వచ్చాక తమ్ముడు విసురుగా చెయ్యి లాక్కున్నాడు.

"ఇందాక పట్టుకున్న వేలు ఎటు పోయిందండీ?"

"మబ్బులోకి పోయిందండీ."

"మబ్బు మీరొచ్చినప్పుడూ ఉంది."

"ఉంది. మీ వాచీనే సరిగ్గా చూళ్ళేదు." ఆయన గొంతు పెంచలేదు. "అలాంటిది నాకూ ఉందండీ, అసలుది. ఇంట్లో బీరువాలో ఉంటది. సొన పడితే పాడైపోద్దని తోటలోకి తేను. దీని చైను కొక్కెం వేలికి గీసుకుంటంది, అసలుది గీసుకోదు."

"వాచీకీ కాయకీ సంబంధం ఏంటి?"

"కాయకి లేదండీ. అమ్మేవాడికి ఉంది. లేని గొప్ప చూపించుకుంటున్నాడంటే ఇవాళ అమ్ముకోక తప్పదన్నమాట."

"ఒరేయ్, ఇచ్చెయ్," అన్నాను. "వేలు పోతే పోనీ."

"వేలు సంగతి కాదన్నయ్యా." వాడు మా ఎవరి వైపూ చూడలేదు. "నేను అమ్మను."

వ్యాపారి లేచి తువ్వాలు దులిపాడు. "సాయంత్రం దాకా నూజివీడులోనే ఉంటా. మనసు మారితే ఫోన్ చెయ్యండి. గాలి మొదలయ్యాక మాత్రం వద్దు."

మధ్యాహ్నం ఎవరం సరిగ్గా తినలేదు. ఆకు కదలలేదు. కాకులు కూడా ఎటో పోయాయి. తోట లోపల వెలుతురు రాగిరంగుకు తిరిగింది. మరదలు తమ్ముడి ఫోను తెచ్చి మంచం కోడు దగ్గర పెట్టింది. కాసేపటికి వచ్చి దాన్ని మంచం మీదికి జరిపింది. ఇంకోసారి వచ్చి చేతికి తగిలేలా పెట్టింది.

"ఐదింటికి చేస్తాలే," అన్నాడు వాడు వాచీ చూసుకుని.

ఐదయ్యాక, "ఇంకో పావుగంట చూద్దాం," అన్నాడు.

నేనే ఫోను తీసుకుని నంబరు కోసం వెతుకుతుంటే తోట లోపల ఎక్కడో ఒక కాయ రాలిన చప్పుడైంది. గాలి లేకుండానే. ముగ్గురం అటు చూశాం. తర్వాత దూరంగా, వాయవ్యం వైపు నుంచి, లారీల వరస వస్తున్నట్టు మోత. ఫోను మంచం మీద పెట్టేశాను. మరదలు లోపలికి వెళ్ళి కిటికీ తలుపులు వెయ్యడం మొదలుపెట్టింది. తమ్ముడు అలాగే కూర్చున్నాడు. మొదటి కొమ్మ విరిగినప్పుడు మాత్రం వాడి ఎడమచెయ్యి వెళ్ళి ఆ వాచీని కప్పేసింది.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. అడుగు పెట్టడానికి చోటు లేకుండా కాయలు. పగిలినవి, బురదలో కూరుకున్నవి. కూలికొచ్చిన ఆడవాళ్ళు బుట్టల్లోకి ఏరుతున్నారు. వాళ్ళతోపాటు మరదలు కూడా. ఆమె పిలిపిస్తే ఆ వ్యాపారే వచ్చాడు. చెట్ల పైకి చూడలేదు, కాలితో నాలుగు కాయలు దొర్లించి చూశాడు.

తమ్ముడు అలవాటు కొద్దీ కుడిచెయ్యి ముందుకు చాచాడు. మణికట్టు బోసిగా ఉంది. ఆయన భుజం మీది తువ్వాలు తియ్యలేదు. రాలిన కాయ రేటు ఆ ఆడవాళ్ళందరికీ వినపడేలా నోటితోనే చెప్పాడు.