నెమ్మదిగా నడిచే పడవ

రైలుండగా పడవెందుకని మా వీధిలో అడగనివాళ్లు లేరు. తాడేపల్లిగూడెంలో రైలెక్కితే ఏలూరు ఎంతసేపు? పైగా మా నాన్నగారు బండి వేళకన్నా ఎంతో ముందే స్టేషనుకి చేరి ప్లాట్‌ఫారం మీద పచార్లు చేసే మనిషి. వడ్డన ఆలస్యమైతే విస్తరి ముందునుంచి లేచిపోయే మనిషి. అలాంటాయన, ముప్పైల నాటి ఆ ఫాల్గుణ మాసంలో, అక్కకీ నాకూ కొల్లేరు చూపించడానికి గూడు పడవ మాట్లాడతానని కాలువ గట్టున పడ్డారు.

పడవని ఎంచుకోవడంలో ఆయన పడ్డ శ్రమ మా ఇంట్లో ఏ పెళ్లి సంబంధానికీ పడలేదు. రేవులో కట్టి ఉన్న పడవలన్నీ ఎక్కి దిగారు. గూటి మీద బిందెతో నీళ్లు పోయించి, తను లోపల కూర్చుని ఎక్కడ కారుతుందో చూశారు. కిందటి ప్రయాణంలో ఏం సరుకు వేశారని అడిగేవారు. చెప్పింది నమ్మక, వంగి అడుగు చెక్కలు వాసన చూసేవారు. ఎండుచేపలు మోసిన పడవ వద్దు, కిరసనాయిలు డబ్బాలు మోసింది అసలే వద్దు. పొయ్యి వెనకవైపు ఉండాలి, లేకపోతే పొగంతా ఆడపిల్లల మొహాన కొడుతుంది. దారిలో వేరే మనుషుల్ని ఎక్కించుకోకూడదు. గూట్లో కాళ్లు చాపుకునేంత చోటుందో లేదో తెలియాలని, "అమ్మాయ్, నువ్వొకసారి పడుకుని చూడు" అని అంతమంది మధ్య నాతో అన్నారు. సిగ్గుతో నాకు చచ్చినంత పనైంది.

"ఆయ్, గాలి వాటంగా ఉంటే రేపు పొద్దుగూకే యేళకి ఏలూరులో దింపేత్తానండి బాబుగారూ" అన్నాడు ఒక సరంగు గొప్పగా. నాన్నగారు ఆ పడవ దిగిపోయారు. పక్క పడవ సరంగు వయసు మళ్లినవాడు. అతను నిజం దాచుకోలేదు.

"నా పడవ ఎవరికీ నచ్చదండి. అడుగు బరువండి. అందరూ దాటెల్లిపోతారండి" అన్నాడు.

"ఎవరికి కావాలయ్యా తొందర? నీ పడవే ఖాయం" అన్నారు నాన్నగారు.

ఎందుకో నాకు తెలుసు. అక్క కాపురానికి వెళ్లిన ఏడాదే బావ కొల్లేట్లో కనిపించకుండా పోయాడు. పొలం పని మీద లంకకి వెళ్లాలని ఒడ్డున ఒక్కడూ దోనె ఎక్కాడట. తాటిమానుని తొలిచి చేసే ఆ దోనెలు ఒక్క మనిషికే సరిపోతాయి. మర్నాడు దోనె కిక్కిసగడ్డిలో దొరికింది. లోపల చుక్క నీరు లేదు. మడిచిన గొడుగు మడిచినట్టే ఉంది. మనిషి లేడు, శవమూ తేలలేదు. మునిగాడని కొందరన్నారు. రంగూను పోయాడని, అక్కడ ఎవరో చూశారని కొందరన్నారు. జాడ తెలియని మనిషి కోసం పన్నెండేళ్లు ఎదురుచూసి, అప్పటికీ రాకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపిస్తారు. అంతవరకూ భార్య పునిస్త్రీయే.

ఆ పన్నెండేళ్లూ నిండాయి. బావ తల్లి దగ్గరనుంచి కబురు మీద కబురు వచ్చేది. కొడుకు కలలోకి వస్తున్నాడట. తడిబట్టలతో గుమ్మం బయట నిలబడి, లోపలికి రమ్మనేవాళ్లే లేరా అంటున్నాడట. కర్మ చేయించి వాడికి దారి చూపించండని ఆవిడ ఏడుపు. ఆ ముసలావిడ మీద నాకు ఒళ్లు మండేది. కానీ ఆ కల సంగతి విన్నాక సాయంత్రం పూట వీధి గుమ్మం వైపు చూడాలంటే నాకూ భయంగానే ఉండేది. చివరికి నాన్నగారు ఒప్పుకున్నారు. బావ దోనె ఎక్కిన రేవులోనే, కొల్లేటి ఒడ్డున, బావ తమ్ముడు పురోహితుణ్ణి వెంటబెట్టుకుని ఉంటాడు. అమావాస్య లోపల ఎప్పుడొచ్చినా సరేనని వాళ్లు కబురంపారు. ఆ రేవులో దిగేదాకానే అక్కకి బొట్టూ గాజులూ పువ్వులూ. పడవెక్కేవాళ్లంతా ఇచ్చిన డబ్బుకి ఎంత త్వరగా చేరతామని చూసుకుంటారు. నాన్నగారు ఎంత ఆలస్యం దొరుకుతుందని చూసుకున్నారు.

ఈ సంగతి అక్కకి చెప్పలేదు. అమ్మ ప్రయాణానికి రానని మంచమెక్కింది. బయల్దేరేముందు మాత్రం లేచొచ్చి అక్క జడలో పట్టినన్ని కనకాంబరాలు తురిమింది. "దాని దగ్గర నోరు జారావంటే చూడు" అని నన్ను పెరట్లోకి లాగి బెదిరించింది.

కాలువ మీద ప్రయాణం హాయిగానే సాగిందని చెప్పాలి. పడవ నిజంగానే చక్కటిది. గూట్లో చల్లగా ఉండేది, వంట పొగ మా వైపు రాలేదు. వాసన చూసి ఎంచుకున్న చెక్కల మీద చాప పరుచుకుని పడుకుంటే గట్టు మీది చెట్లు వెనక్కి కదిలేవి. లాకు తలుపుల దగ్గర ఆగాల్సి వచ్చినప్పుడల్లా నాన్నగారు వెనక పడవలవాళ్లని పిలిచి, "మీరు పోనివ్వండి, మాకేం తొందర లేదు" అనేవారు. చెరకు కనిపిస్తే చెరకు, అరటిపళ్లు కనిపిస్తే అరటిపళ్లు, అక్క ఊఁ అనకముందే కొనేవారు. ఏలూరులో పడవ ఆపించి గాజులవాణ్ణి పిలిపించారు. అక్క గట్టు మీద కూర్చుని రెండు చేతులూ చాపింది. మోచేతుల దాకా పచ్చగాజులు. "అమ్మగారి చెయ్యి మెత్తనండి, ఒక్కటీ చిట్లలేదు" అని గాజులవాడు మెచ్చుకున్నాడు. నాన్నగారు ఏటో చూస్తూ కండువాతో మెడ తుడుచుకున్నారు. నాకు ఆయన మీద కోపం ముంచుకొచ్చింది. రేపో మాపో పగలగొట్టే గాజులు ఎవరైనా తొడిగిస్తారా?

తెల్లవారాక కొల్లేట్లోకి దిగాం. మంచు ఇంకా విడలేదు. గట్లు పోయాయి. నీళ్లెక్కడో ఆకాశమెక్కడో తెలియడం లేదు. సరంగు గెడ వేయడం ఆపి, లోతు నీళ్లలోకి వెళ్లేముందు పునిస్త్రీ చేత్తో గంగమ్మకి పసుపు కుంకాలు ఇవ్వాలన్నాడు. నాకింకా పెళ్లి కాలేదు, పడవలో పునిస్త్రీ అక్క ఒక్కతే. భరిణె తీసి, ముందు తన బొట్టు సరిచేసుకుని, వంగి నీళ్లలోకి చిటికెడు పసుపూ చిటికెడు కుంకుమా వదిలింది. రంగు కాసేపు అక్కడే తిరిగి కిందకి పోయింది.

"మీ ఆయనగారూ మీరూ పిల్లాపాపలతో పదికాలాలు చల్లగా ఉండాలమ్మా" అన్నాడు సరంగు, ఏమీ తెలియక.

"అలాగే ఉంటాం సరంగూ" అంది అక్క.

సరంగు మళ్లీ గెడ అందుకున్నాడు. గెడ బురదలో దిగిన చప్పుడు, బయటికి లాగితే ఇంకో చప్పుడు. ముసలితనంలో ఇప్పటికీ కన్నంటుకునే వేళకి ఆ చప్పుడు నా మంచం కిందనుంచి వస్తుంది. రెండువైపులా కిక్కిస మనిషెత్తున పెరిగి ఉంది. గాలి లేకుండానే ఒక్కోచోట కదిలేది. గూడబాతులు లేచిపోయేవి. కదిలిన ప్రతిచోటకీ అక్క తల తిరిగేది. మంచులోంచి ఒక దోనె వచ్చింది. అందులో మనిషి మా వైపు వీపు పెట్టి నిలబడి గెడ వేస్తున్నాడు. అక్క గూడు అంచు పట్టుకుని సగం లేచింది. ఆ మనిషి వెనక్కి తిరిగి, చేపలు కావాలా అండీ అని అడిగాడు. అక్క మెల్లగా కూర్చుంది. అలా ఎన్ని దోనెలు వచ్చాయో, ఎన్నిసార్లు లేచి కూర్చుందో! పడవ మాత్రం మేము బేరమాడి తెచ్చుకున్న నడక తప్పలేదు. ఒక్క పొద కూడా చూడకుండా దాటిపోనివ్వలేదు.

ఎండెక్కాక రేవు కనిపించింది. ఒడ్డున బావ తమ్ముడు ఉన్నాడు, పక్కన పురోహితుడు, చాప మీద దర్భకట్ట. నాన్నగారు చూశారు.

"సరంగూ, ఆ లంక చుట్టూ ఒకసారి తిప్పవయ్యా. పిల్లలు పక్షుల్ని సరిగ్గా చూడలేదు" అన్నారు.

తిప్పాడు. మళ్లీ రేవు ఎదురుగా వచ్చింది.

"ఇంకొక్కసారి" అన్నారు నాన్నగారు.

"చాలండి నాన్నగారూ" అంది అక్క. గట్టిగా అనలేదు. "ఇంక తిప్పించకండి. అన్ని పొదలూ చూశాను, ఇక చూడలేను. రైల్లో వచ్చి ఉంటే ఒక్క పూటలో అయిపోయేదండి."

నాన్నగారు నా వైపు చూశారు. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"నీకు తెలుసా అమ్మా?"

"ఇంటి దగ్గరే తెలుసండి."

"మరి అప్పుడే అనకపోయావా తల్లీ? ఇన్ని రోజులూ ఈ పడవలో..."

"మీరు అంత తిరిగి, అంత ముచ్చటపడి మాట్లాడిన పడవండి" అంది అక్క. "వద్దని ఎలా అంటానండీ?"

సరంగు ఒడ్డుకి బల్ల వేశాడు. నాన్నగారు గూడు అంచు పట్టుకుని అక్కడే ఉండిపోయారు. అక్క ముందుగా దిగి, గాజుల చెయ్యి చాపి ఆయన్ని దింపింది.