ఏడో సిలిండర్

మా వదిన మావిస్‌కి అబద్ధమాడటం చేతకాదు. అరవై ఎనిమిదేళ్లలో నాకు తెలిసి ఒకే ఒక్కటి ఆడింది. అదీ నాతోనే, నా కారు గురించి.

మన్సీ అనే మా ఊళ్లో పాతకాలపు కార్ల ఇంజన్లు విప్పి మళ్లీ కొత్తవాటిలా చేసే షెడ్డు మా అన్న రోయ్‌స్ పేరు మీదే ఉండేది గానీ, సగం పని వదినదే. అన్న సిలిండర్లు రీబోరు చేసేవాడు, అంటే అరిగిన గోడల్ని సన్నగా తొలిచి సమం చేసేవాడు. వదిన ఇంజను కూర్చేది. కొత్తగా వచ్చినవాళ్లు ఆవిణ్ణి చూసి, "మెకానిక్ లేడాండీ?" అని అడిగేవాళ్లు. "ఎదురుగానే ఉంది, చెప్పు," అనేది. బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు రంగు చుక్క పెట్టేది. ఒకసారి అన్న వేలు నలిగి కెవ్వుమంటే, "ఇంకా రెండు బోల్టులున్నాయి, ఆగు," అంది. అంత మొండి మనిషి!

అన్న పోయి మూడేళ్లయింది. ఆయన చేసిన ఆఖరి ఇంజను నా అరవై తొమ్మిది నాటి పోంటియాక్ కారుది. దాన్ని కళ్లల్లో పెట్టుకుని చూసుకోవద్దూ? మే నెలలో రేసుకి తీసుకెళ్లాను. నీళ్ల గొట్టం కారుతోందని తెలిసి కూడా, పక్క కారువాడు రెచ్చగొట్టాడని యాక్సిలరేటర్ తొక్కి పారేశాను. ఇంజను వేడెక్కి ఐదు సిలిండర్ల గోడలు గీసుకుపోయాయి. నా బుద్ధి గడ్డి తింది, ఏం చెప్పను!

వదిన ఇంజను విప్పి, ఒక్కో సిలిండర్లోకీ టార్చి వేసి చూసింది. "లాభం లేదు ఓరిన్. గోడలు పల్చబడ్డాయి. ఇంకోసారి తొలిస్తే చిల్లు పడుతుంది. వేరే బ్లాకు చూసుకో," అంది.

బ్లాకంటే సిలిండర్లన్నీ ఉండే ఇనప దిమ్మ. నాది ఫ్యాక్టరీ నుంచి ఆ కారుతో పాటే వచ్చింది. దాన్ని మార్చడానికి నాకు మనసొప్పలేదు. మూడు నెలలు షెడ్డులోనే ఉంచి, ఆగస్టులో వదినకి తెలియకుండా పక్క ఊరికి తీసుకెళ్లి గోడల మందం కొలిపించాను. నిక్షేపంగా ఉంది, ఇంకోసారి తొలవచ్చన్నారు. నాకు ఒళ్లు మండింది. తిన్నగా షెడ్డుకొచ్చి పడ్డాను.

"ఏం వదినా, నేను నీకంత వెర్రివాడిలా కనిపిస్తున్నానా? చెయ్యనంటే చెయ్యనని చెప్పొచ్చుగా!"

వదిన బ్లాకు దింపించి, టార్చి నా చేతిలో పెట్టింది.

"ఏడోదాంట్లోకి చూడు."

తొలవడం అయ్యాక, నూనె నిలవడానికి సానరాయితో గోడల నిండా వలలాగా సన్నటి గీతలు పెడతారు. మా అన్న ఆ పని చేత్తోనే చేసేవాడు. మిగతావాటిలో దెబ్బ తగలని చోటల్లా గీతలు తీర్చిదిద్దినట్టున్నాయి. ఏడోదానిలో మాత్రం వంకరటింకరగా పోయాయి.

"అప్పటికే మీ అన్నకి చెయ్యి వణుకుతోంది. నాకు చెప్పలేదు," అంది వదిన. "ఇది అయ్యాక రాయి పక్కన పెట్టి, 'మావీ, ఆ మిగిలిన ఒక్కటీ నువ్వు కానిచ్చెయ్, ఆకలేస్తోంది' అన్నాడు. ఎన్నడైనా అలా అన్న మనిషేనా? మళ్లీ ఆ రాయి పట్టుకోలేదు."

నేను మళ్లీ టార్చి వేసి ఆ వంకర గీతల్ని చూశాను.

"తొలిస్తే ఎనిమిదీ ఒకే కొలతకి రావాలి. ఇదీ పోతుంది. ఆయన రాతైనా లేదయ్యా నా దగ్గర. పుట్టినరోజు కార్డుల మీద సంతకం కూడా నా చేతే పెట్టించేవాడు, బద్ధకస్తుడు."

నా కోపం ఎటు పోయిందో! సిగ్గుతో చచ్చిపోయాను. "వద్దులే వదినా. బ్లాకు నువ్వే ఉంచుకో. వేరేది దొరక్కపోదు," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

వదిన చల్లారిన కాఫీ గటగటా తాగేసి కప్పు బల్ల మీద పెట్టింది.

"ఉంచుకుని ఏం చెయ్యను? మూడు నెలలు రోజూ టార్చి వేసుకుని చూశాను. ఏడుపు తప్ప ఏమొచ్చింది? చెయ్యి వణుకుతున్నా ఎందుకు చేశాడనుకున్నావ్? తమ్ముడి కారు తిరగాలని. నేను మూల పడేసుకోవడానికి కాదు. ఊఁ, పట్టు ఆ చివర."

ఇద్దరం కలిసి బ్లాకుని మిషన్ మీదికి ఎక్కించాం. పని ఎప్పుడూ ఒకటో సిలిండర్ నుంచే మొదలుపెడతారు. వదిన మాత్రం తొలిచే కత్తిని తిన్నగా ఏడోదాని మీదికి తెచ్చి నిలిపింది.

"ఇది ఆఖరికి మిగిలితే ఇక నావల్ల కాదు," అంది. స్విచ్చి మీద వేలు పెట్టి ఆగింది. "నువ్వెక్కడికీ పోకు ఓరిన్."

"ఇక్కడే ఉన్నా వదినా."

వదిన స్విచ్చి నొక్కింది.