కర్త లేని వాక్యం

ఆఫీసులో అందరూ ఆవిడని ఎర్రపెన్నమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఊళ్ళన్నిటికీ కరెంటు సర్దే గ్రిడ్ సంస్థలో రిస్క్ రిజిస్టరు రాయడం ఆవిడ పని. ఏది చెడిపోవచ్చు, చెడితే ఎంతమంది చీకట్లో కూర్చుంటారు, అలా కాకుండా మనం ఏం చేశాం అన్నది వరసగా రాసి, ప్రమాదాన్ని బట్టి ఎరుపో పసుపో ఆకుపచ్చో వేసి, మూడు నెలలకోసారి బోర్డు ముందు పెట్టాలి. ఆవిడ వేసిన ఎరుపు ఒక మెట్టు ఎక్కేసరికి పసుపయ్యేది, రెండో మెట్టుకి పచ్చబడేది. ఎండలో ఆరేస్తే గుడ్డ వెలిసిపోవడం మనకి తెలుసు. ఏసీ గదుల్లో రంగు వెలవడం మాత్రం ఆ ఆఫీసులోనే చూడాలి.

అన్ని రంగులూ వెలిసినా ఒక్కటి వెలవనివ్వలేదు ఆవిడ. పద్నాలుగో అంశం: రెండో కంట్రోల్ రూమ్. నాలుగో అంతస్తులో ఉన్న అసలు కంట్రోల్ రూమ్‌కి నిప్పో నీరో తగిలితే, అరగంటలో సిబ్బంది అంతా అయిదు కిలోమీటర్ల అవతలి పాత భవనానికి చేరి, అక్కణ్ణించి గ్రిడ్‌ని నడపాలి. కాగితం మీద అంతా భేషుగ్గా ఉంది. పద్దెనిమిదేళ్ళు షిఫ్టు డ్యూటీ చేసి వచ్చిన మనిషి కాబట్టి, కాగితాన్ని నమ్మకుండా ఒకరోజు వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని వెళ్ళి చూసింది. కాళ్ళు విరిగిన కుర్చీలు, పాత క్యాలెండర్లు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని కంప్యూటర్ తెరలు. ఆ కుర్చీల గోదాములోంచి లక్షల ఇళ్ళకి కరెంటు పంచాలట!

ఆవిడ ఎరుపు వేసింది. బోర్డు మినిట్స్‌లో దాని ఎదురుగా ఒకే ఒక్క మాట వచ్చింది: గమనించడమైనది. మళ్ళీ మూడు నెలలకి, మళ్ళీ గమనించడమైనది. అలా తొమ్మిది మీటింగులు గడిచాయి.

"పదేళ్ళుగా ఏమీ కాలేదు కదమ్మా, గోరంత దాన్ని కొండంత చేస్తావెందుకు?" అన్నాడు ఆవిడ పైనున్న జనరల్ మేనేజరు.

"ఇల్లు కాలుతుంటే అప్పుడు బావి తవ్వుదామంటారా సార్?"

ఆయన నవ్వి, ఒక కాగితం ముందుకి తోశాడు. రెండో కంట్రోల్ రూమ్ సర్వసన్నద్ధంగా ఉందని ఏటా ఇచ్చే ధ్రువపత్రం. ఈ ఏడు నుంచి దాని మీద రిస్క్ అధికారి సంతకం కూడా ఉండాలి. పెడితే ప్రమోషన్ ఖాయం. పెట్టకపోతే పాత ఫైళ్ళ గదిలో కుర్చీ చూసి పెట్టానని ఆయన నవ్వుతూనే చెప్పాడు. మీటింగు మర్నాడే.

ఆవిడ భర్త బడిలో వ్యాకరణం చెప్పే మాస్టారు. ఆ సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుతూ, భార్య మొహం చూసి ఆవిడ చేతిలోని బోర్డు మినిట్స్ కాగితం అందుకున్నాడు.

"ఇందులో క్రియ ఉంది, కర్త ఏడీ?" అన్నాడు.

"అంటే?"

"గమనించడమైనది. సరే, ఎవరు గమనించారు? మనమ్మాయి చిన్నప్పుడు 'గ్లాసు పగిలిపోయిందమ్మా' అనేది, గుర్తుందా? తను పగలగొట్టాననేది కాదు, అదే పగిలిపోయేది. మీ బోర్డుదీ అదే వరస. మా పిల్లలు ఇలా రాస్తే సగం మార్కు కోసేస్తాను."

"మీరు మార్కులు కోస్తారు. అక్కడ నా ఉద్యోగం కోస్తారు."

"కోస్తే కోయనీ. అన్నం నేను పెడతాలే," అన్నాడాయన, తలెత్తకుండా. ఆవిడకి కళ్ళు చెమ్మగిల్లాయి. మినిట్స్‌లో పదోసారి కూడా 'గమనించడమైనది' పడకూడదని అప్పుడే అనుకుంది.

మర్నాడు బోర్డు గదిలో జనరల్ మేనేజరు గడగడా చదువుకుపోతున్నాడు. పద్నాలుగో అంశం వచ్చింది. "గమనించడమై..." అంటుండగా ఆవిడ లేచి నిలబడింది.

"ఎవరు గమనించారు సార్?"

సంతకం లేని ధ్రువపత్రాన్ని బల్ల మీద పెట్టింది.

"ఆ గదిలో విరిగిన కుర్చీలున్నాయి. సిద్ధంగా ఉందని నేను సంతకం పెట్టను. నన్ను ఎక్కడికి మారుస్తారో మార్చండి. కానీ ఈ వాక్యంలో ఒక మనిషి పేరు, ఒక తేదీ రాయండి. అంతే నేనడిగేది."

బోర్డు చైర్మన్ ఒకప్పుడు పెద్ద ఆసుపత్రికి సూపరింటెండెంటుగా చేసిన పెద్దావిడ. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "రోగిని గమనించడమైనది అని రాసిన చీట్లు నేను చాలా చూశాను. చాలామటుకు ఆ రోగి అప్పటికే పోయి ఉండేవాడు." తర్వాత ఒక్కొక్కరినే అడిగింది, మీరు గమనించారా, మీరు గమనించారా అని. అందరూ నీళ్ళు నమిలారు. "సరే, నా పేరే రాయండి. వచ్చే మంగళవారం పదకొండింటికి చైర్మన్ దగ్గరుండి కంట్రోల్‌ని అక్కడికి మార్పించి చూస్తారు అని రాయండి."

మంగళవారం పరువు పోయింది. తాళంచెవి పట్టలేదు. పన్నెండు ఫోన్లలో నాలుగు మోగాయి. అరగంట పని మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. షిఫ్టు ఇన్‌ఛార్జి చెమటలు కక్కుతూ బయటికొచ్చి, "నిజంగా అవసరం పడుంటే మన పని గోవిందా అక్కా," అన్నాడు. జనరల్ మేనేజరు తల దించుకున్నాడు. ఆయన్నీ మెచ్చుకోవాలి, మర్నాటి నుంచి తనే దగ్గరుండి కుర్చీలు మోయించాడు, ఫోన్లు వేయించాడు, ఇద్దరు ఆపరేటర్లని అక్కడే పగలూ రాత్రీ ఉంచాడు. మూడో రిహార్సల్ ఇరవై నాలుగు నిమిషాల్లో అయింది.

ఆ తర్వాత ఏడో నెలలో, ఎండలు మండిపోతూ కరెంటు వాడకం నెత్తికెక్కిన ఒక మధ్యాహ్నం, అసలు కంట్రోల్ రూమ్ పైకప్పులో ఏసీ నీళ్ళ గొట్టం పగిలింది. బల్లల మీద, తెరల మీద ధారగా నీళ్ళు. "రెండో గదికి!" అని షిఫ్టు ఇన్‌ఛార్జి అరిచాడు. అక్కడున్న ఇద్దరూ సబ్‌స్టేషన్లతో ఫోన్లో మాట్లాడుతూ గ్రిడ్‌ని పట్టుకుని ఉంటే, మిగతావాళ్ళు వ్యాన్లో చేరుకున్నారు. వాళ్ళ వెనకే ఎర్రపెన్నమ్మ. గోడ మీద పెద్ద తెరలో గ్రిడ్ నిలకడని చూపే గీత ఒక్కసారి వణికి నిలబడింది. పంతొమ్మిది నిమిషాలు. ఒక్క వీధిలో కూడా దీపం ఆరలేదు. ఆపరేటర్లు ఒకరినొకరు వాటేసుకున్నారు. జనరల్ మేనేజరు ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నవ్విన నాపచేనే పండిందమ్మా. నవ్వింది నేనే."

ఆవిడ సాయంత్రం బస్సు ఎక్కకుండా నడిచే బయల్దేరింది. వీధి మొదట్లో ఐస్‌క్రీం కొట్టతన్ని ఆగి అడిగింది: "ఇవాళ మధ్యాహ్నం కరెంటు పోయిందా?"

"లేదే! పోతే నా సరుకంతా నీళ్ళయ్యేది కదమ్మా."

మంగలి షాపులోకి తొంగి చూసి అడిగింది. "పోయుంటే మధ్యాహ్నం వచ్చినాయన సగం గుండుతో ఇంటికెళ్ళేవాడు," అన్నాడతను, మిషన్ ఆపకుండా. కుర్చీలో ఉన్నతను కూడా నవ్వాడు.

దర్జీని అడిగింది. కరెంటు మిషన్ మీద గుడ్డ తోస్తూ అతను విసుక్కున్నాడు. "లేదమ్మా. ఏం, పోవాలని ఉందా మీకు?"

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చెంపల మీదికి కారుతున్న కన్నీళ్ళు కొంగుతో తుడుచుకుంటూ, "కాదయ్యా, పోలేదని ఇంకొక్కసారి చెప్పు," అంది.