బెత్తెడు చెయ్యి

గోరంతను కొండంత చెయ్యడం నా అలవాటు. ముందే ఒప్పుకుంటున్నాను కనక సగం కోసేసి చదవండి.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో మా ఓవర్సీరు గారి వేళ్లు అరటికాయల్లా ఉండేవి. కల్వర్టు కనబడితే చాలు, రెయిలింగు కింద పోసిన కాంక్రీటు గట్టుకు నాలుగు వేళ్లూ అడ్డంగా ఆనించి కొలిచేవారు.

"బెత్తెడు దాటిపోనాది, పగలకొట్టీ, బావా! ఎత్తు గట్టు మీదికి సెక్రం ఎగబాకిందంటే లారీ రెయిలింగు మీంచి ఎగిరిపోద్ది."

ఆయన కింద మేస్త్రీగా నేను పోయించిన గట్లన్నీ వేలెడు ఎక్కువయ్యాయని పగలగొట్టించారు. అప్పుడు కూలీలు నన్ను తిట్టిన తిట్లు ఓడరేవులో ఓడలకు వినిపించాయి. అయినా ఆ చేతిని దేవుడి చెయ్యిలా నమ్మాను.

తర్వాత పెందుర్తి రోడ్డులో ఆయన అల్లుడే కాంట్రాక్టు తీసుకుని కల్వర్టు కట్టాడు. గట్టు మోకాలెత్తు లేచింది. మా తమ్ముడు రోజూ లారీ తోలే దారి అది.

"ఓపాలి సెయ్యెట్టండి బాబూ," అన్నాను.

ఆయన ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

"ఎత్తుంటేనే బలం బావా," అని పని పాస్ చేసేశారు. చేసి, సిగ్గుతో తల దించుకున్నారు.

వేళ్లనూ తిట్లనూ కాస్త సాగదీశాను, అంతే. నేను కల్పించింది ఆ తల దించుకోవడం ఒక్కటే.